నమూనా పౌరుడి హత్య కేసు

గుమ్మళ్ళరేవు పట్టణంలో ఆ హత్య శుక్రవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, సాక్షాత్తూ పోలీస్ స్టేషన్లో, సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారి సమక్షంలో, అందరూ చప్పట్లు కొడుతుండగా జరిగింది.

చప్పట్లు కొట్టినవాళ్ళను తప్పుపట్టడానికి వీల్లేదు. వాళ్ళు వచ్చింది ప్రారంభోత్సవానికి. ప్రారంభోత్సవంలో ఎవరు ఏం చేసినా చప్పట్లు కొట్టడం మన మర్యాద.

హంతకుడి పేరు త్రినాథ్. "గోదారి కబురు" దినపత్రికకు ఆ పట్టణంలో విలేకరి. హత్య చేసేనాటికి అతనికి పెళ్ళయి పదకొండు రోజులు. పొద్దున్నే పళ్ళు తోముకుందామని వెళితే, గ్లాసులో తన బ్రష్షు పక్కన గులాబీరంగు బ్రష్షు ఇంకొకటి ఉంటుంది. అది చూసి ఒక్కడే నవ్వుకుంటాడు. ఆ నవ్వుతోనే తోముకుంటాడు కాబట్టి పెళ్ళయ్యాక అతని చొక్కాల మీద నురగ మరకలు ఎక్కువయ్యాయి.

ఆ ఉదయం బయల్దేరుతుంటే అతని భార్య హైమ చేతిలో గరిటెతో గుమ్మం దాకా వచ్చింది.

"ఏవండీ, ఒంటిగంటకల్లా వచ్చెయ్యాలి. గుత్తొంకాయ మొదటిసారి చేస్తన్నాను. వేడి మీద తింటే తప్పులు తెలీవు."

"పన్నెండున్నరకే వస్తాను హైమా. ఏముంది, రిబ్బను కత్తిరిస్తారు, ఉపన్యాసం ఇస్తారు, జీడిపప్పు పొట్లం పెడతారు."

"పొట్లం అక్కడే తినెయ్యకండి మరి. ఇంటికి తెండి."

ఆ పొట్లం ఇంటికి రాలేదు. అది తర్వాత సాక్ష్యాల జాబితాలో చేరింది.

ప్రారంభోత్సవం దేనికంటే, పోలీసు శాఖవారు జిల్లాకొకటి చొప్పున "కల్పిత వాస్తవ నేర పరిశోధన శిక్షణ కేంద్రం" పెడుతున్నారు. మామూలు మాటల్లో వర్చువల్ రియాలిటీ. కళ్ళకు పెట్టుకునే హెడ్‌సెట్లు రెండు, లోపల కనిపించేది బయటివాళ్ళకు చూపించే పెద్ద టీవీ ఒకటి వచ్చాయి. హెడ్‌సెట్ పెట్టుకుంటే ఒక ఇల్లు కనిపిస్తుంది. అందులో తిరుగుతూ దొంగతనాలు, హత్యలు ఎలా దర్యాప్తు చెయ్యాలో సిబ్బంది నేర్చుకుంటారు. హెడ్ కానిస్టేబుల్ నూకరాజు ఆ రెండింటికీ పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి, వాటికి "గంతలు" అని పేరు పెట్టాడు. గానుగెద్దు కళ్ళకు కట్టేవి అలాగే ఉంటాయని అతని వాదన.

సీఐ వరాహమూర్తి గారు మైకు అందుకున్నారు.

"ఇందుమూలముగా నేను తెలియజేయునది ఏమనగా, ఇది ఆట వస్తువు కాదు. ప్రధాన కార్యాలయం వారి సర్క్యులర్, ఏడవ అంశం ప్రకారం, కల్పిత వాస్తవంలో జరిగిన ప్రతి నేరమును, వాస్తవంలో జరిగిన నేరముగానే పరిగణించి, అంతే శ్రద్ధతో దర్యాప్తు చేయవలెను. అంతే శ్రద్ధతో! మా శాఖలో సర్క్యులర్‌కు ఎదురు లేదు."

శిక్షణలో కూర్చున్న కానిస్టేబుళ్ళు కునుకు తీయకుండా ఉండాలని పైవాళ్ళు రాసిన ముక్క అది. వరాహమూర్తి గారు మాత్రం జీవితంలో ఏ సర్క్యులర్‌నూ దాని ఉద్దేశంతో చదవలేదు. అక్షరాలతోనే చదివారు. అందుకే ఆయన సర్వీసులో ఒక్క మచ్చ లేదు. పరిష్కారమైన కేసూ లేదు.

మొదట హెడ్‌సెట్ ఆయనే పెట్టుకోవాలి. కానీ టోపీ అడ్డొచ్చింది. టోపీ తీస్తే యూనిఫాంకు అవమానం. టోపీ మీద పెట్టుకుంటే టోపీ తప్ప ఏమీ కనిపించదు. అందుచేత ఆ గౌరవం పత్రికా ప్రతినిధికి దక్కింది. త్రినాథ్ హెడ్‌సెట్ పెట్టుకుని, రెండు చేతుల్లో రెండు మీటలు పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా ఒక హాలు, సోఫా, గోడ గడియారం, బల్ల మీద నేర సామగ్రి కింద పెట్టిన ఒక రోకలి. అతనికి కనిపించేదంతా టీవీలో అందరికీ కనిపిస్తోంది.

రిబ్బను తెగింది. స్టేషను గుమ్మంలో కొబ్బరికాయ పగిలింది. అంతా అయిపోయిందనుకుంటుండగా నూకరాజుకు సందేహం వచ్చింది.

"సార్, చిన్న మాటండి. ఈ కాయ మన గుమ్మానికే సరిపోద్దండి. లోపల కనిపించేది వేరే ఇల్లు కదండి? దానికి కాయ కొట్టకుండా అడుగెట్టేస్తే ఎట్టాగండి? నాలుగు రోజులు పోయాక ఏదైనా అయితే అనుకుంటారండి."

సీఐ గారు ఆలోచించారు. అందరూ ఆలోచించారు. గుమ్మళ్ళరేవులో ఎవరూ కొబ్బరికాయ కొట్టకుండా కొత్త ఇంట్లో అడుగుపెట్టిన దాఖలా లేదు.

"పాయింటే," అన్నారు సీఐ గారు. "రిపోర్టర్ గారూ, లోపల కూడా ఒక కాయ కొట్టెయ్యండి."

"లోపల కాయ ఎక్కడుంటుందండీ?" అన్నాడు త్రినాథ్, తల అటూ ఇటూ తిప్పుతూ.

"చూడండి, ఉండకపోదు."

టీవీ ముందున్న పాతిక మందీ వెతికారు. ముందు ఎవరో మహిళా కానిస్టేబుల్ కేకేసింది.

"అదిగోనండీ కాయ! సోఫా మీద!"

నిజమే. సోఫా వెనక అంచు మీదుగా, గోధుమరంగులో, గుండ్రంగా, చక్కటి పిలకతో ఒక కాయ కనిపిస్తోంది. బొమ్మ గీసినవాడు ఎక్కడివాడో గాని బొత్తిగా శ్రద్ధ లేకుండా గీశాడు. కాయకు కళ్ళు కూడా పెట్టలేదు.

"కొట్టండి కొట్టండి, వర్జ్యం వచ్చేస్తంది," అన్నాడు నూకరాజు.

త్రినాథ్ బల్ల మీది రోకలి తీసి, మనసులో తన కొత్త కాపురం కూడా చల్లగా ఉండాలని దండం పెట్టుకుని, ఒక్కటిచ్చాడు.

చప్పట్లు మోగాయి. కాయ పగల్లేదు. పక్కకు ఒరిగింది. దాని వెంట ఒక మెడ, చొక్కా, రెండు భుజాలు ఒరిగాయి. చేతుల్లోంచి అప్పటిదాకా చదువుతున్న పేపరు జారి కింద పడింది. టీవీ మీద ఎర్రక్షరాలు వెలిగాయి.

"నమూనా పౌరుడు నంబర్ ఒకటి మరణించాడు. దర్యాప్తు ప్రారంభించండి."

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరగా ఒక హోంగార్డు చప్పట్లు చాలాసేపు వినిపించి, అతనికే సిగ్గేసి ఆగాయి.

త్రినాథ్ నవ్వుతూ హెడ్‌సెట్ తీశాడు. నవ్వింది అతనొక్కడే. సీఐ గారు టోపీ సర్దుకుంటున్నారు.

"రిపోర్టర్ గారూ, మీరు ఎక్కడికీ కదలకండి."

"సార్, అది బొమ్మండీ."

"బొమ్మ అని మీరు అంటున్నారు. సర్క్యులర్ పౌరుడు అంటోంది. నూకరాజూ, ఎఫ్ఐఆర్ పుస్తకం!"

ఎఫ్ఐఆర్ రాయడానికి నలభై నిమిషాలు పట్టింది. మృతుడి పేరు: నమూనా పౌరుడు. తండ్రి పేరు దగ్గర కలం ఆగింది. చాలా చర్చ తర్వాత "కంపెనీ" అని రాశారు. వయసు: నాలుగు నెలలు, చూడ్డానికి యాభై. వృత్తి: పేపరు చదువుట. ప్రత్యక్ష సాక్షుల సంఖ్య: పాతిక. నేర ప్రేరేపణ: వర్జ్యం.

తర్వాత పంచనామా. ఇద్దరు పంచాయతీదార్లు శవాన్ని కళ్ళారా చూసి సంతకాలు పెట్టాలి. ఎదురుగా టీ కొట్టు సుబ్బయమ్మను, సైకిళ్ళ షాపు గవర్రాజును పిలిచారు. ఇద్దరూ వరసగా హెడ్‌సెట్ పెట్టుకుని లోపలికి వెళ్ళారు. వెళ్ళేముందు ఇద్దరూ చెప్పులు విప్పారు. చావు జరిగిన ఇల్లు. గవర్రాజు లోపల సోఫాలో కూర్చుని తీరిగ్గా చూద్దామనుకుని, ఇవతల స్టేషను నేల మీద దబ్బున పడ్డాడు. సుబ్బయమ్మ మాత్రం నిలబడే చూసింది.

"పాపం, నవ్వుతానే పోయాడండీ," అంది కళ్ళు ఒత్తుకోబోయి, హెడ్‌సెట్ అడ్డురాగా దాన్నే ఒత్తుతూ. "మంచోడండీ. ఒక్కమాట అన్లేదండి ఎవర్నీ."

శవం చుట్టూ సుద్దముక్కతో గీత గీయాలి. లోపల గీయడానికి సుద్ద లేదు. అందుకని లోపలి సోఫా బయట ఎక్కడికి వస్తుందో కొలిచి స్టేషను నేల మీదే గీశారు. అది సరిగ్గా సీఐ గారి కుర్చీ మీదికి వచ్చింది. మృతుడి తల కుర్చీలో, కాళ్ళు బీరువాలో. నేరస్థలంలోకి ఎవరూ అడుగుపెట్టకూడదు కాబట్టి సీఐ గారు తన గదిలోంచి తానే బయటికొచ్చి, ప్రారంభోత్సవం షామియానా కింద బల్ల వేయించుకున్నారు.

అంతలో త్రినాథ్ ఫోన్ మోగింది. పత్రిక డెస్క్ ఇన్‌ఛార్జి శేషగిరి గారు.

"ఏవయ్యా, నీ ఊళ్ళో పోలీస్ స్టేషన్లోనే మర్డరంట కదా! ఒక్క లైను పంపవేం? నిద్రపోతున్నావా?"

"సార్, ఆ చంపింది నేనే సార్."

అవతల కుర్చీ కిర్రుమని దగ్గరికి జరిగిన చప్పుడు.

"అయితే ఎక్స్‌క్లూజివ్ అన్నమాట! ఎదుటి పేపరువాడితో ఒక్క ముక్క మాట్లాడకు. మూడొందల పదాలు కొట్టు. నిందితుడి నేరచరిత్ర కూడా కలుపు."

"చరిత్రేం లేదు సార్. పెళ్ళి తప్ప."

"అదీ కలుపు. ఫొటో పంపు. కరడుగట్టినట్టు ఉండాలి."

త్రినాథ్ ఫోనులో ఉన్నవన్నీ పదకొండు రోజులనాటి ఫొటోలు. ఎందులో చూసినా నవ్వే. మర్నాడు మొదటి పేజీలో, నెత్తిన జీలకర్రా బెల్లంతో, చెవులదాకా నవ్వుతున్న హంతకుడి బొమ్మ పడింది. పైన శీర్షిక: "కళ్ళకు గంతలు - సమాజానికి చింతలు. వర్చువల్ రియాలిటీ మాటున నరహత్య." కింద: "మా గుమ్మళ్ళరేవు విలేకరి". వార్త తానే రాసుకున్నందువల్ల నిందితుడి తరఫు వాదన రెండు వాక్యాలు ఎక్కువ పడింది.

శవపరీక్ష మధ్యాహ్నం ఒంటిగంటకు. హెడ్‌సెట్లు రెండింటిలోనూ అదే ఇల్లు కనిపిస్తుంది గనక, ఒకదాన్ని తెల్లగుడ్డలో చుట్టి, స్ట్రెచర్ మీద పడుకోబెట్టి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టర్ ప్రమీలాదేవి గారు గుడ్డ తీసి చూసి, నూకరాజు వంక చూశారు.

"ఏమిటయ్యా ఇది?"

"బాడీ అండి."

"ఎక్కడ?"

"లోపలుందండి. పెట్టుకుంటే కనపడుద్దండి."

డాక్టరమ్మకు ఆ రోజు నూట ఎనభై మంది రోగులు. వాదించే తీరిక లేదు. పెట్టుకుంది, చూసింది, తీసింది. "తీసుకొచ్చేటప్పటికే మృతి. తలకు రోకలి దెబ్బ. కడుపులో ఏమీ లేదు. అసలు కడుపే లేదు," అని రాసి సంతకం చేసింది. బంధువులెవరూ రాలేదు కనుక నిబంధనల ప్రకారం మూడు రోజులు భద్రపరచాలి. హెడ్‌సెట్‌ను మార్చురీలో ఫ్రీజరు పెట్టెలో పెట్టి తాళం వేశారు.

రెండున్నరకు హైమ స్టేషనుకు వచ్చింది. చేతిలో క్యారియరు. ఊళ్ళో అప్పటికే ఆమెకు ముగ్గురు ఎదురై మూడు రకాలుగా చెప్పారు. షామియానా కింద బెంచీ మీద కూర్చున్న మొగుణ్ణి చూడగానే ఆమె మొదట అన్న మాట:

"చల్లారిపోయింది."

"నేనేం చెయ్యను హైమా, హత్య తగిలింది."

"పన్నెండున్నర అన్నారు. హత్య పదకొండుకే అయిపోయిందంట కదా. మిగతా టైమంతా ఏం చేశారు?"

సీఐ గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, మీవారిని కస్టడీలోకి తీసుకోవాల్సి ఉన్నది. పద్నాలుగు రోజులు."

హైమ క్యారియరు కింద పెట్టింది. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "బుధవారం మా పదహారు రోజుల పండగండీ. నల్లపూసలూ సూత్రాలూ కలిపి గుచ్చి, ఆయన చేత్తో నా మెళ్ళో వేయించాలి. ఆ రోజు దాటితే మళ్ళీ రాదు. మా అమ్మ ఏర్పాట్లన్నీ చేసేసుకుంది."

"శాఖ కూడా ఏర్పాట్లు చేసుకుందమ్మా. తొమ్మిదవ అంశం. కల్పిత నేరమునకు పాల్పడిన నిందితుని, కల్పిత లాకప్పులోనే ఉంచవలెను. హెడ్‌సెట్లో మూడో నంబరు సెల్లు ఉన్నది. ఈ క్షణం నుంచి అతను అందులో ఉండవలెను."

"మరి మనిషి?"

"మనిషి ఎక్కడున్నా శాఖకు అభ్యంతరం లేదు. భోజనానికి, స్నానానికి ఎస్కార్టు సమక్షంలో విరామం. అప్పుడు కళ్ళు మూసుకుని ఉండవలెను. కళ్ళు తెరిస్తే పరారీ కింద లెక్క."

అలా త్రినాథ్ కళ్ళకు హెడ్‌సెట్‌తో, ఒక చెయ్యి హైమ పట్టుకోగా, ఇంకో చెయ్యి నూకరాజు పట్టుకోగా, తన ఇంటికే ఖైదీగా వచ్చాడు. వెనకాల రిక్షాలో నిఘా నిమిత్తం టీవీ వచ్చింది. దాన్ని హాల్లో పెట్టారు. నూకరాజు దాని ముందు కుర్చీ వేసుకుని, సెల్లులో కూర్చున్న త్రినాథ్‌ను చూస్తూ, పక్కనే సోఫాలో కూర్చున్న త్రినాథ్‌కు మంచినీళ్ళు అందించేవాడు.

సెల్లు ఏమంత బాధాకరం కాదు. నాలుగు గోడలు, ఒక కిటికీ. కానీ త్రినాథ్‌కు అసలు బాధ వేరే ఉంది. పెళ్ళయిన పన్నెండో రోజు హైమ కొత్త వంకాయరంగు చీర కట్టుకుంది. చీర గరగర వినిపించింది. చూడ్డానికి లేదు. పదమూడో రోజు జడలో సన్నజాజులు పెట్టుకుంది. వాసన వచ్చింది. చూడ్డానికి లేదు. పద్నాలుగో రోజు ఆమె ముద్ద కలిపి నోటికి అందిస్తుంటే, కనిపించక అతను తల వంచడంతో అది ముక్కుకు అందింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వు ఆగాక అతను అడిగాడు.

"నువ్వు నవ్వితే ఎడమ బుగ్గ మీదే సొట్ట పడుతుందా, రెండు బుగ్గల మీదా?"

"పన్నెండు రోజులు చూసి అదీ గుర్తులేదా?"

"పదకొండే చూశాను. దాంట్లో మూడు రోజులు హోమం పొగలో కూర్చోబెట్టారు."

హైమ అతని మూతి తుడిచి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి వెళ్ళింది. శవాన్ని చూసుకోవడానికి ఎవరో ఒకరు వచ్చినందుకు మార్చురీ గుమాస్తా సంతోషించి పెట్టె తెరిచాడు. ఆమె చల్లటి హెడ్‌సెట్ నెత్తిన పెట్టుకుని, మెనూలో "మళ్ళీ మొదటి నుంచి" అన్న మీట నొక్కింది.

నమూనా పౌరుడు లేచి కూర్చున్నాడు. పేపరు తీసి చదవడం మొదలుపెట్టాడు.

ఆమె స్కూటీ మీద స్టేషనుకు పరిగెత్తింది. "సీఐ గారూ, ఆయన బతికాడండీ! ఇంక హత్య ఎక్కడిది?"

వరాహమూర్తి గారు అనుభవజ్ఞులు. తొణకలేదు. శవపరీక్ష నివేదిక తీసి బల్ల మీద పెట్టారు.

"అమ్మా, డాక్టరు గారి సంతకం ఉన్నది. నమూనా పౌరుడు శుక్రవారమే చనిపోయాడు. చనిపోయిన మనిషి పేపరు చదవడు. కాబట్టి అక్కడ కూర్చున్నది ఎవరో వేరే వ్యక్తి. మృతుడి పేరుతో, మృతుడి రూపంతో, మృతుడి ఇంట్లో మకాం వేశాడు. ఇంతకంటే మోసం ఉంటుందా? నూకరాజూ! ఆ మనిషిని కూడా అదుపులోకి తీసుకో."

సాయంత్రం నాలుగు గంటలకు త్రినాథ్ సెల్లు తలుపు తెరుచుకుంది. నమూనా పౌరుడు, అదే ఆ పిలకాయన, చేతిలో పేపరుతో లోపలికొచ్చి, చక్కగా నవ్వి, దండం పెట్టాడు.

"నమస్కారం. శిక్షణకు స్వాగతం."

తను చంపిన మనిషి పక్కన కూర్చుంటే ఎలా ఉంటుందో త్రినాథ్ ఎన్నో నేరవార్తలు రాసినా ఊహించలేదు. "క్షమించండి సార్, కొబ్బరికాయ అనుకున్నాను," అన్నాడు.

"కొనసాగించడానికి అవును అనండి," అన్నాడు ఆయన, ఏ కోపమూ లేకుండా.

బుధవారం వచ్చింది. హైమ తల్లి సుందరమ్మ గారు తెల్లవారేసరికి పసుపు కొమ్ములు, పళ్ళాలు, పట్టుచీరతో దిగింది. అల్లుణ్ణి చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ఇదేం అలంకారమే? అబ్బాయి కళ్ళకి ఆ డబ్బా తియ్యమనవే, సూత్రాలు వేసే టైముకన్నా."

"తీస్తే పరారీ అంటమ్మా."

"పోనీ ఆ డబ్బాతోనే వేసేస్తాడులే. చేతులు బాగానే ఉన్నాయి కదా."

"నన్ను చూడకుండా వెయ్యడానికి వీల్లేదు," అంది హైమ. అని ఒక తెల్లకాగితం తీసుకుని ములాఖత్ దరఖాస్తు రాసింది. ఖైదీని చూడటానికి భార్యకు హక్కుంది. లోపలున్న ఖైదీని చూడాలంటే లోపలికే వెళ్ళాలి. దరఖాస్తు ఎంత పద్ధతిగా ఉందంటే, చదివిన సీఐ గారికి ముచ్చటేసింది. ఇరవై నిమిషాలు మంజూరు చేసి, పర్యవేక్షణకు స్వయంగా వచ్చారు. మార్చురీ నుంచి రెండో హెడ్‌సెట్ వచ్చింది. శుభమా అని ఇది ఎక్కడి నుంచి వచ్చిందో అత్తగారికి ఎవరూ చెప్పలేదు.

ముహూర్తం పదకొండు గంటలకు. హాల్లో పీటల మీద త్రినాథ్, హైమ ఎదురెదురుగా కూర్చున్నారు. అమ్మ తెచ్చిన పట్టుచీర పక్కన పెట్టి, హైమ అతను చూడని ఆ వంకాయరంగు చీరే కట్టుకుని, జడలో సన్నజాజులు పెట్టుకుంది. ఇద్దరి కళ్ళకూ హెడ్‌సెట్లే. ముత్తైదువలు చుట్టూ చేరారు. అందరి చూపూ టీవీ మీద.

సెల్లు తలుపు తెరుచుకుంది. త్రినాథ్ మెడ ముందుకు చాచాడు. వంకాయరంగు చీర, సన్నజాజులు, సొట్ట. అన్నీ చూడబోతున్నాడు.

లోపలికి వచ్చింది సఫారీ సూటు వేసుకున్న ఒక లావుపాటి ఆసామీ. బుగ్గల దాకా మీసాలు.

కంపెనీవాళ్ళు ములాఖత్‌కు వచ్చేవాళ్ళ కోసం ఒక్క బొమ్మే గీశారు. "సందర్శకుడు నంబర్ రెండు." ఆడవాళ్ళు కూడా ఖైదీలను చూడటానికి రావచ్చని వాళ్ళకు తోచలేదు.

"ఎవరండీ మీరు?" అన్నాడు త్రినాథ్ బెదిరిపోయి.

"నేనేనండీ!" అన్నాడు మీసాలాయన, హైమ గొంతుతో.

ముత్తైదువలు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. త్రినాథ్ అనుమానంగా చూస్తున్నాడు. అంతలో మీసాలాయన కుడిచేత్తో చెవి వెనక్కి ఏదో సర్దుకున్నాడు, అక్కడ లేని జడపాయను. సర్దుకుని, తల కొంచెం పక్కకు వాల్చాడు. గుమ్మం దగ్గర గరిటెతో నిలబడ్డప్పుడు హైమ సరిగ్గా అలాగే వాలుస్తుంది.

"హైమా!" అన్నాడు త్రినాథ్. ఇంత ఆనందంగా ఒక మీసాలాయనను ఎవరూ పిలిచి ఉండరు.

"వెయ్యండి వెయ్యండి, ముహూర్తం దాటిపోతంది," అంది సుందరమ్మ గారు, నల్లపూసల తాడు అల్లుడి చేతిలో పెడుతూ. అతను చేతులు చాచాడు. ఇక్కడ హైమ మెడ వంచింది. అక్కడ మీసాలాయన మెడ వంచాడు. పక్కనున్న పిలకాయన పేపరు మడిచి, "అభినందనలు. తదుపరి స్థాయికి చేరుకున్నారు," అన్నాడు.

"అక్షింతలు! అక్షింతలు!" అని కేక వినబడింది. ఎవరి చేతిలో అక్షింతలు ఎవరు పెట్టారో తెలియదు. ముహూర్తం సమయంలో చేతిలో అక్షింతలుంటే, ఎదుటివాళ్ళ తల మీద వెయ్యకుండా ఉండటం గోదావరి గాలి పీల్చిన మనిషికి సాధ్యం కాదు. అందరూ వేశారు.

అక్షింతలు నేల మీద పడ్డాయో లేదో, సీఐ గారి ముఖం వెలిగింది. టీవీ వంక వేలు చూపించారు.

"ఆగండి! నిందితుడు లోపల ఎవరి మెడలో సూత్రాలు వేశాడు?"

"నా మెళ్ళోనేనండీ," అంది హైమ హెడ్‌సెట్ తీసి.

"అది ఇక్కడమ్మా. అక్కడ, రికార్డు ప్రకారం, సందర్శకుడు నంబర్ రెండు మెడలో. మొదటి భార్య బతికి ఉండగానే. ఏడవ అంశం! ఇది రెండో పెళ్ళి! నూకరాజూ, పుస్తకం! ఈసారి ఏడేళ్ళు!" ఆనందంతో ఆయనే కలం మూత తీశారు. "చట్టప్రకారం బాధితురాలైన మొదటి భార్య ఫిర్యాదు ఇవ్వవలెను. అమ్మా, మీరు ఫిర్యాదు ఇస్తారా?"

సుందరమ్మ గారు గోడకు చేరగిలబడింది. త్రినాథ్ సెల్లులో లేచి నిలబడ్డాడు. సోఫాకు కాలు తగిలి ఇక్కడ కూర్చుండిపోయాడు. హైమ మాత్రం కొత్త నల్లపూసలు సర్దుకుని, తల కొంచెం పక్కకు వాల్చింది.

"ఇస్తానండీ."

"హైమా!" అన్నాడు త్రినాథ్.

"మీరుండండి, ఖైదీలు మాట్లాడకూడదు. సీఐ గారూ, నా మొగుడికి నేనుండగా దగ్గరుండి రెండో పెళ్ళి చేయించిన వాళ్ళ పేర్లు కూడా రాయాలి కదండీ?"

"తప్పకుండా అమ్మా. వాళ్ళు కూడా ముద్దాయిలే. అందరినీ లోపలేస్తాను."

"ఆ సందర్శకుణ్ణి లోపలికి పంపుతూ సంతకం పెట్టినవాళ్ళు?"

సీఐ గారి కలం నెమ్మదించింది.

"అక్షింతలు వేసినవాళ్ళు?"

వరాహమూర్తి గారు తన కుడి అరచెయ్యి చూసుకున్నారు. పచ్చగా ఉంది. నాలుగు బియ్యపు గింజలు ఇంకా అంటుకునే ఉన్నాయి. నూకరాజు తన చెయ్యి వెనక్కి దాచుకున్నాడు, కానీ అతని మీసం మీద ఒక గింజ ఉంది.

"బాబాయ్ గారూ, మీరు రెండుసార్లు వేశారు," అంది హైమ మర్యాదగా.

"అయ్యబాబోయ్, అలవాటండమ్మా," అన్నాడు నూకరాజు. "సార్, మనల్ని కూడా ఆ గంతలెట్టి కూచోబెడతారాండి? నాకసలే తల తిరుగుడండి."

"చూడండి సీఐ గారూ," అంది హైమ. "లోపల జరిగింది నిజమైతే హత్యా నిజమే, పెళ్ళీ నిజమే. మూడో నంబరు సెల్లులో మా ఆయన, ఆ పేపరాయన, మీరు, బాబాయ్ గారు, ఈ ముత్తైదువలు పదకొండు మందీ ఇరుక్కోవాలి. నిజం కాదూ అంటే రెండూ కాదు. ఏదో ఒకటి రాయండి. నాకు అవతల పులిహోర కలపాలి."

సీఐ గారు టోపీ తీశారు. ఆయన టోపీ తియ్యడం గుమ్మళ్ళరేవు చూడటం అదే మొదలు. నెత్తి మీద చిన్న పిలక ఉంది. చాలాసేపు నెత్తి నిమురుకుని, కాగితం అందుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాశారు.

"సమగ్ర దర్యాప్తు అనంతరం తేలినది ఏమనగా, మృతి చెందిన వ్యక్తి వ్యక్తి కాదు, జరిగిన హత్య జరగలేదు. మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్ కింద కేసు మూసివేయడమైనది. నిందితుని తక్షణం విడుదల చేయవలెను."

"మరి ఆ పిలకాయన సంగతండి?" అన్నాడు నూకరాజు టీవీ చూపిస్తూ.

"అతనిది వేరే కేసు. చనిపోని మనిషి పేరుతో చనిపోని మనిషిలా తిరుగుతున్నాడు. విచారించాలి."

త్రినాథ్ హెడ్‌సెట్ తీశాడు. అయిదు రోజుల వెలుతురు ఒక్కసారిగా కళ్ళలో పడి ఏమీ కనిపించలేదు. తర్వాత వంకాయరంగు కనిపించింది. తర్వాత తెల్లటి సన్నజాజులు. తర్వాత హైమ. అతని కళ్ళ చుట్టూ పడ్డ గుండ్రటి గుర్తులు చూసి ఆమె పకపకా నవ్వింది. సొట్ట ఎడమ బుగ్గ మీద ఒక్కటే.

ఫోన్ మోగింది. శేషగిరి గారు. "ఏవయ్యా, విడుదలయ్యావంట! పద్నాలుగు రోజులకి ధారావాహిక ప్లాన్ చేసుకున్నాం కదయ్యా, రేపటి పేజీ ఏం పెట్టుకోను?"

త్రినాథ్ ఫోను కట్టేసి జేబులో పెట్టుకున్నాడు. అత్తగారు పులిహోర గిన్నెతో వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగి, హైమ వైపు వంగి నెమ్మదిగా అన్నాడు.

"హైమా, ఒక్కసారి మీసం తిప్పవూ."

హైమ అటూ ఇటూ చూసింది. ముత్తైదువలు తాంబూలాలు లెక్కపెట్టుకుంటున్నారు. సీఐ గారు చెయ్యి కడుక్కుంటున్నారు. ఆమె ఎడమచెయ్యి నడుం మీద వేసుకుని, కుడిచేత్తో బుగ్గల దాకా, లేని మీసాన్ని మెలేసి తిప్పింది.